సంతకం పెట్టేస్తే హక్కు పోతుందా? జీతం, పని గంటలపై అపోహలు - వాస్తవాలు

"సంతకం ఎట్టీసినాం కదా మేడమ్, ఇంకేటి సేత్తాం?"

విశాఖలో కార్మిక కేసులు చూస్తున్న ఇన్నేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. గాజువాక ఆటోనగర్ షెడ్డులో ఫిట్టరైనా, జగదాంబ దగ్గర బట్టల షాపులో సేల్స్ గర్ల్ అయినా, మధురవాడలో కంప్యూటర్ ముందు కూర్చునే కుర్రాడైనా కాగితం అనగానే వెనక్కి తగ్గుతారు. అందుకే అక్కడే మొదలుపెడతాను.

అపోహ: తక్కువ జీతానికి ఒప్పుకుని రాసిచ్చాం, ఇక అడగడానికి లేదు.

కనీస వేతనం కంటే తక్కువకు పనిచేస్తానని మీరు స్టాంపు పేపరు మీద రాసిచ్చినా ఆ మాట చెల్లదు. 1948 నాటి కనీస వేతనాల చట్టం అదే చెప్పింది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, వేతనాల కోడ్ కూడా అదే చెబుతోంది.

ఒక షాపువాళ్లు జీతం మొత్తం ఖాతాలో వేసి, మర్నాడు అందులో కొంత నగదుగా వెనక్కి తీసుకునేవారు. ఖాతాలో పడింది, రిజిస్టర్‌లో సంతకం ఉంది, ఇంకేం కేసని ఓనరు ధీమా. పదకొండు మంది పాస్‌బుక్కులు పక్కపక్కన పెట్టి చూశాం. ప్రతి నెలా ఒకే రోజు, అందరి ఖాతాల్లోంచీ ఒకే మొత్తం డ్రా అయింది. అంత కచ్చితంగా పదకొండు ఇళ్లలో ఒకే ఖర్చు వస్తుందా?

కోడ్ ప్రకారం దావా వేస్తే, బకాయి చెల్లించేశామని రుజువు చేసుకోవాల్సింది యజమానే. గడువు 3 ఏళ్లు. కనీస వేతనాల చట్టంలో ఇది 6 నెలలే ఉండేది. ఉద్యోగం మానేశాక గానీ మనవాళ్లు నోరు విప్పరు, అప్పటికి ఆ ఆరు నెలలు దాటిపోయేవి.

అపోహ: ఇప్పుడు రోజుకు పది గంటలు చట్టమే కదా!

ఈ ఏడుపు 2025లో మొదలైంది. మన రాష్ట్రం ఫ్యాక్టరీల్లో రోజువారీ పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచిన మాట నిజమే. వారానికి 48 గంటల గీత మాత్రం చెరగలేదు. రోజూ పది గంటల చొప్పున ఆరు రోజులు చేయించుకుని "చట్టం మారిందమ్మా" అంటే కుదరదు, పైన పన్నెండు గంటలు ఓటీ (ఓవర్‌టైమ్) కింద లెక్క కట్టాలి.

ఓటీ అంటే ఒకటికి రెండు. చాలా చోట్ల ఒకటికి ఒకటే ఇచ్చి అదే ఓటీ అంటారు. జీతం 15,600 అనుకోండి. 26 రోజులకు రోజుకు 600, గంటకు 75. ఓటీ గంటకు 150 రావాలి. రోజూ ఒక్క గంట ఎక్కువ చేస్తే నెలకు 3,900. చేతికి 1,950 ఇస్తున్నారంటే సగం మిగుల్చుకున్నట్టే.

"నువ్వు సూపర్‌వైజర్‌వి, నీకు ఓటీ ఏంటి?" అన్నది ఇంకో ఎత్తు. మెడలో బ్యాడ్జీ కాదు, చేసే పని ఏమిటో చూస్తారు. పొద్దంతా మెషిన్ మీద నిలబడేవాడికి ఆ పేరు తగిలించినంత మాత్రాన ఓటీ ఎగిరిపోదు.

అపోహ: పది నిమిషాలు లేటైతే అరపూట కట్ చేయొచ్చు.

చేయకూడదు. రాని సమయానికి తగ్గట్టే కోత. జరిమానా అయితే నెల జీతంలో నూటికి 3 దాటకూడదు, అదీ మీ సంజాయిషీ విన్నాకే.

అపోహ: చెప్పకుండా మానేస్తే ఆఖరి జీతం గోవిందా.

నోటీసు తగువు వేరు, పనిచేసిన రోజుల కూలి వేరు. మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి.

అపోహ: కాంట్రాక్టరు పారిపోయాడు, ఇంకెవరిని అడుగుతాం?

ఫ్యాక్టరీలున్న పరవాడ వైపు నుంచి ఈ మాట తరచూ వస్తుంది. కాంట్రాక్టరు ఎగ్గొడితే ఆ పని చేయించుకున్న కంపెనీయే కట్టాలి, తర్వాత అతని బిల్లుల్లోంచి రాబట్టుకోవడం వాళ్ల బాధ. గేట్ పాస్ ఫొటో మాత్రం ఫోన్‌లో ఉంచుకోండి. స్టీల్ ప్లాంటు, పోర్టు పనులైతే కేంద్ర కార్మిక శాఖ అధికారి దగ్గరికి, మామూలు షాపులు, ప్రైవేటు ఫ్యాక్టరీలైతే రాష్ట్ర కార్మిక శాఖకు వెళ్లాలి. లాయరు ఫీజు టెన్షన్ ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును పెడుతుంది.

అపోహ: వాళ్ల రిజిస్టర్ ముందు మన మాట నిలవదు.

ఒక కేసులో యజమాని తెచ్చిన హాజరు పుస్తకం ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. అందరూ తొమ్మిదికి వచ్చి ఆరింటికి వెళ్లినట్టు రోజూ ఒకే సిరా. పేజీ తిప్పితే 2014 అక్టోబరు 13 తగిలింది. ముందురోజే హుద్‌హుద్ తుపాను ఊరిని ఊడ్చేసింది. కరెంటు లేదు, రోడ్ల నిండా చెట్లు. ఆ సోమవారం కూడా ఆ షెడ్డులో అందరూ సరిగ్గా తొమ్మిదికే వచ్చేశారట!

మా కార్మికుడి దగ్గర ఉన్నది గోడ క్యాలెండరు. ఓటీ చేసిన రోజుల గడిలో వాళ్లావిడ పెన్సిల్‌తో రెండు, మూడు అని అంకెలు వేసింది, భోజనానికి ఎంత ఆలస్యంగా వచ్చాడో గుర్తుండాలని. పదమూడో తేదీ గడి ఖాళీగా ఉంది. పాల లెక్క, గ్యాస్ బండ తేదీతో సహా ఆ క్యాలెండరునే ఫైల్లో పెట్టాం.