కర్పూరం ఎందుకు వెనక్కి వచ్చింది: పార్సిల్ పెట్టెలో పెట్టకూడని వస్తువుల వెనక కథ

శ్రావణం ఇంకా ఇరవై రోజులుందనగా కావలి నుంచి ఒకావిడ మా గోడౌనులో నలభై అట్టపెట్టెలు దించింది. అన్నీ వరలక్ష్మీ వ్రతం సామాను. ఒక్కో పెట్టెలో పసుపు, కుంకుమ, తోరాలు, వక్కలు, ఎండుఖర్జూరాలు, ఎర్ర రవికె గుడ్డ, వత్తులు, అగరుబత్తులు, చిన్న డబ్బాలో ముద్దకర్పూరం. ఆన్‌లైన్‌లో ఆర్డరు పడగానే మేము లేబులు అంటించి కొరియరు వాళ్ళకు అప్పగిస్తాం. వారం తిరక్కముందే సగానికి పైగా పెట్టెలు వెనక్కి వచ్చాయి. స్టిక్కరు మీద ఒకటే మాట: నిషిద్ధ వస్తువు.

ఆవిడ ఒక పెట్టె విప్పి సామానంతా బల్ల మీద వరసగా పేర్చింది. "ఇందులో ఏది నిషిద్ధమో చూపించన్నా" అంది. కర్పూరం డబ్బా పక్కకు జరిపాను. "దేవుడికి వెలిగించేదన్నా అది. పసిబిడ్డలున్న ఇంట్లో కూడా ఉంటుందే!" అంది. "రూలమ్మా" అన్నాను. ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తూ అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేకపోయినందుకు నాకే సిగ్గనిపించింది. ఆ నిషిద్ధ వస్తువుల జాబితాలోకి ఏ పేరు ఎప్పుడు వచ్చిందో, ఎందుకు వచ్చిందో వెతకడం అప్పటి నుంచే మొదలుపెట్టాను.

ముందు కర్పూరం సంగతే చెబుతాను. మూత వదులైన డబ్బాలో పెడితే కర్పూరం హరించుకుపోతుందని మన పెద్దవాళ్ళకు తెలుసు. అందుకే నాలుగు మిరియాలు వేసి గట్టిగా మూత పెట్టేవాళ్ళు. హరించుకుపోవడమంటే కరగడం కాదు, గట్టిగా ఉన్నది ఉన్నట్టే ఆవిరైపోవడం. ఆ ఆవిరికి నిప్పు తగిలితే అంటుకుంటుంది. హారతి పళ్ళెంలో బిళ్ళ ఒకటే, మనిషి ఎదురుగా ఉంటాడు. లారీలోనో విమానం పొట్టలోనో అట్టపెట్టెల మధ్య వంద డబ్బాలుంటాయి, చూసే మనిషి ఉండడు. ప్రమాదకర సరుకుల రవాణా మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం 1956లో మొదటిసారి సిఫారసులు వెలువరించింది. ఆ పద్ధతిలో ఇప్పుడు సరుకులన్నీ తొమ్మిది తరగతులు, ఒక్కో సరుకుకు ఒక నంబరు. ఫ్యాక్టరీలో తయారయ్యే కర్పూరం నంబరు 2717. అది 4.1 తరగతి, అంటే తేలిగ్గా మండే ఘనపదార్థం. అగ్గిపెట్టె కూడా ఆ తరగతిలోదే.

అలాగని కర్పూరం మీద చట్టపరమైన నిషేధమేమీ లేదు. రోడ్డు మీద పంపే సేవలు కొన్ని తీసుకుంటాయి. తగిన కాగితాలతో, తగిన ప్యాకింగుతో విమానంలోనూ వెళ్తుంది. మామూలు పార్సిల్లో, పేరు చెప్పకుండా వెళ్ళకూడదు, అంతే. ఈ తేడా ఆ రోజు నాకు తెలిసుంటే ఆవిడ ముందు అలా నిలబడిపోయేవాణ్ణి కాదు.

పేరు చెప్పడమనే షరతు మన దేశంలో చాలా పాతది. 1865లో వచ్చిన క్యారియర్ల (సరుకు మోసేవాళ్ళ) చట్టం బంగారం, వెండి, గడియారాలు, గాజుసామాను, పట్టుబట్టల్లాంటివి నూరు రూపాయల విలువ దాటితే అప్పగించేటప్పుడే ఏమిటో ఎంతో చెప్పమంది. చెప్పకపోతే మామూలుగా పోయినదానికి బండివాడిది పూచీ కాదు. అప్పటి భయం విలువ గురించే. ప్రమాదం గురించిన భయం మరుసటి ఏడాది ఇంకో దేశంలో పుట్టింది. 1866 ఏప్రిల్ 16న శాన్‌ఫ్రాన్సిస్కోలో వెల్స్ ఫార్గో పార్సిల్ ఆఫీసుకు ఒక పెట్టె వచ్చింది. అందులోంచి నూనెలాంటిదేదో కారుతోంది. లోపలేముందో పెట్టె మీద రాసిలేదు. చూద్దామని తెరవబోయారు. లోపల ఉన్నది నైట్రోగ్లిజరిన్, తాకిడికి పేలిపోయే ద్రవం. పదిహేను మంది దాకా చనిపోయారు. కారుతున్న పెట్టె ఎదురుగా ఉంటే విప్పి చూడాలనే ఎవరికైనా అనిపిస్తుంది, రోజూ ఆ బల్ల దగ్గరే నిలబడతాను కాబట్టి నాకు తెలుసు. ఆ గుమాస్తాలు చేసింది అదే.

మన దగ్గర పేలుడు పదార్థాల చట్టం 1884లో, పోస్టాఫీసు చట్టం 1898లో వచ్చాయి. మద్రాసు నుంచి గూడూరు, నెల్లూరు, ఒంగోలు మీదుగా బెజవాడకు రైలు దారి కలిసింది ఆ మరుసటి ఏడాది, 1899లో. ఈ ఊళ్ళ టపా బరువు పెరుగుతున్న రోజులకు నిషేధాల చట్టం సిద్ధంగా ఉందన్నమాట. పేలేవి, ప్రమాదకరమైనవి, మురికివి, హాని చేసేవి, సరిగా చుట్టని పదునైన పనిముట్లు, హాని చేసే ప్రాణులు టపాలో పంపరాదని ఆ చట్టం చెప్పింది. అంతర్జాతీయ తపాలా ఒప్పందంలో మాత్రం ప్రాణుల మీద నిషేధానికి కొన్ని మినహాయింపులున్నాయి: తేనెటీగలు, జలగలు, పట్టుపురుగులు. జలగలు వైద్యానికి కావాలి, పట్టుపురుగులు నేతకు కావాలి. బతుకుతెరువు చూసి రాసిన మినహాయింపులవి. ఆ 1898 చట్టం నూట పాతికేళ్ళు నడిచింది. దాని స్థానంలో 2023లో చేసిన కొత్త చట్టం 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చింది.

ఏ వస్తువు ప్రమాదమో తెలిస్తే సరిపోదు, దేని పక్కన దేన్ని పెట్టకూడదో కూడా తెలియాలి. ఆ పాఠం మనకు చాలా ఖరీదుగా వచ్చింది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలింది. దాని కడుపులో దాదాపు 1,400 టన్నుల పేలుడు సామగ్రి ఉంది. దానితో పాటే కరాచీలో ఎక్కించిన పత్తి బేళ్ళు కూడా ఉన్నాయి. నిప్పు పుట్టింది, పత్తి రాజుకుంది, తరవాత ఆపడం ఎవరితరం కాలేదు. ఏడు వందల మందికి పైగా పోయారు. ఏటా ఏప్రిల్ 14 నుంచి మన నెల్లూరు, ఒంగోలు ఫైర్ స్టేషన్లలో అగ్నిమాపక వారోత్సవాలు జరిపేది ఆ రోజును తలుచుకునే.

రెండోది 1958 నాటి కేరళ. ఓడలో పారాథియాన్ అనే పురుగుమందు, గోధుమపిండి ఒకేచోట ప్రయాణం చేశాయి. మందు కారి పిండికి అంటింది. ఆ పిండి తిని వందమందికి పైగా చనిపోయారు. ఆ విషాదం మీద వేసిన విచారణ, దాని తరవాతి నిపుణుల చర్చ చివరికి 1968 పురుగుమందుల చట్టానికి దారితీశాయి. మన వైపు మిర్చి, పొగాకు, మినుము వేసే రైతులకు మందు డబ్బా ఇంట్లో మనిషిలాంటిది. గోడౌనులో మందు డబ్బాను బియ్యం బస్తాలున్న గదిలోకి రానివ్వకపోతే "సీలు వేసుందిగా" అంటారు. ఆ ఓడలోకి ఎక్కేటప్పుడు అది కూడా మూత బిగించి ఉన్న సరుకే.

అసలు మన జాబితా ఇంత కఠినంగా ఉండటానికి పెద్ద కారణం విమానం. నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ విమానాశ్రయం లేదు, మన పార్సిళ్ళు హైవే మీద చెన్నైకో విజయవాడకో పోతాయి, మనకెందుకీ విమానం రూళ్ళు అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సరుకు మా ర్యాకులో ఉన్నప్పుడు దాన్ని కొనేవాళ్ళు ఎవరో తెలియదు. ఆర్డరు గూడూరు నుంచి రావచ్చు, గువాహటి నుంచి రావచ్చు. గువాహటి నుంచి వస్తే చెన్నై దాకా లారీ, అక్కడి నుంచి విమానం. ఏ పెట్టె ఎటు పోతుందో ముందు తెలియదు కాబట్టి, ఆర్డర్లు పంపే సేవలు అన్నిటికంటే గట్టి రూలునే అన్ని పెట్టెలకూ పెట్టుకుంటాయి.

ఆ విమానం రూళ్ళ వెనక కూడా మనుషుల ప్రాణాలున్నాయి. 1973 నవంబరు 3న బోస్టన్ దగ్గర ఒక సరుకు విమానం కూలి ముగ్గురు సిబ్బంది పోయారు. నైట్రిక్ యాసిడ్ సీసాల చుట్టూ రంపపు పొట్టు కూరారు. పెట్టెలు కొన్ని తలకిందులుగా ఎక్కాయి. కారిన యాసిడ్ పొట్టుకు తగిలి పొగ పుట్టిందని దర్యాప్తు బృందం అభిప్రాయపడింది. పగలకుండా కాపాడాల్సిన పొట్టే మంటకు మూలమైంది. అట్టపెట్టె మీద పైకి చూపే రెండు బాణాల గుర్తును నేను అంతకు ముందు అలంకారంలా అంటించేవాణ్ణి. ఇప్పుడు ద్రవం ఉన్న ప్రతి పెట్టె చేతిలోకి తీసుకుని, బాణం ఎటు ఉందో చూసి గానీ కింద పెట్టను.

1996 మే 11న అమెరికాలో వాల్యూజెట్ విమానం ఫ్లోరిడా చిత్తడి నేలల్లో పడి 110 మంది చనిపోయారు. సరుకు అరలో ఉన్నవి ఆక్సిజన్ పుట్టించే పరికరాలు. కాగితం మీద మాత్రం "ఖాళీ డబ్బాలు" అని రాసుంది. అవి ఖాళీ కాదు. ఇన్ని ఉదంతాలు చదివినా, రాత్రి నిద్రపట్టనివ్వనిది ఆ ఒక్క మాటే. మన దేశంలో విమానాల్లో ప్రమాదకర సరుకుల రవాణా నిబంధనలు 2003లో వచ్చాయి.

లిథియం బ్యాటరీల కథ ఇంకా కొత్తది. 2010 సెప్టెంబరు 3న దుబాయ్‌లో ఎనభై వేలకు పైగా లిథియం బ్యాటరీలు మోస్తున్న సరుకు విమానం మంటల్లో కూలి ఇద్దరు పైలట్లు పోయారు. పరికరంలో కాకుండా విడిగా ఉన్న లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపకూడదని 2016 ఏప్రిల్ 1 నుంచి అంతర్జాతీయ నిషేధం వచ్చింది. సరుకు విమానంలో పంపినా ఆ బ్యాటరీలో చార్జింగు 30 శాతం మించకూడదు. అందుకే లోపల బ్యాటరీ ఉన్న సెల్‌ఫోను వెళ్తుంది, విడి బ్యాటరీ కింద లెక్కయ్యే పవర్ బ్యాంకు ఆగిపోతుంది.

ఇంకో రకం నిషేధాలున్నాయి, అవి నేరుగా చట్టం నుంచి వచ్చినవి. బాణాసంచాను ఈ-కామర్స్ సైట్లలో అమ్మకూడదని 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు చెప్పింది. దీపావళి ముందు ఏటా ఎవరో ఒకరు గిఫ్టు పెట్టెలో కాకరపువ్వొత్తులు పెట్టి తెస్తారు, ఏటా తీయించేస్తాం. ఈ-సిగరెట్ల మీద 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు వచ్చి, అదే ఏడాది చట్టమైంది. అమ్మడమే కాదు, నిల్వ ఉంచడం కూడా అందులో నేరమే. గోడౌను నడిపేవాళ్ళకు ఈ ఒక్క మాట ముఖ్యం: సరుకు నీది కాకపోయినా ర్యాకు నీదే. ప్రకాశం జిల్లా నుంచి వచ్చే సెల్లర్లు ఇక్కడ గట్టిగా వాదిస్తారు. ఒంగోలు, పొదిలి, కనిగిరి వేలం కేంద్రాల్లో పొగాకు బోర్డే దగ్గరుండి ఆకు అమ్మిస్తుంటే పొగ పీల్చే యంత్రానికి నిషేధమేంటని అడుగుతారు. ఆకుకు ఒక చట్టం, యంత్రానికి ఇంకో చట్టం. ఇంతకంటే సమాధానం నేను చెప్పలేను. వాళ్ళ మాటలో నొప్పి లేదని కూడా అనలేను.

ఎర్రచందనం సంగతి మనకు ఇంకా దగ్గర. శేషాచలం, వెలిగొండ, వాటి చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో పెద్దగా ఎక్కడా పెరగని చెట్టు. అంతరించే ముప్పున్న జీవజాతుల అంతర్జాతీయ ఒప్పందం కింద 1995 నుంచి దాని వ్యాపారం మీద అదుపు ఉంది. దెబ్బ తగిలేది దొంగలకే అయితే బాగుండేది. ఉదయగిరిలో ఆడవాళ్ళు చెక్కే గరిటెలు, చెంచాలు, ఫోర్కులు స్థానిక కలపతో చేసినవి, ఎర్రచందనంతో కాదు. కానీ జిల్లా పేరు, చెక్క అన్న మాట కలిసి కనిపిస్తే చాలు, పార్సిల్ ఆపి కాగితాలు అడుగుతారు. నిజాయితీగా "చెక్క గరిటెలు, ఉదయగిరి" అని రాసినవాళ్ళే ఎక్కువ రోజులు ఆగాల్సి రావడం నాకు నచ్చదు.

అబద్ధం రాసినవాళ్ళ వల్లే ఇదంతా ముదిరింది. 2021 నవంబరులో మధ్యప్రదేశ్‌లోని భిండ్ పోలీసులు పట్టుకున్న గంజాయి విశాఖపట్నం నుంచి ఒక పెద్ద ఈ-కామర్స్ వేదిక మీదుగానే వెళ్ళింది. లిస్టింగులో పేరు స్టీవియా, చక్కెరకు బదులు వాడే తీపి ఆకు. ఆ తరవాత ఎండు ఆకులు అమ్మే చిన్నవాళ్ళందరికీ ప్రశ్నలు పెరిగాయి. మునగాకు పొడి పంపే మా సెల్లరొకాయన కూడా ఫొటోలు, లైసెన్సు నంబరు రెండేసిసార్లు పెట్టాల్సి వచ్చింది.

మా గోడౌనులో కూడా అలాంటిది జరిగింది, చిన్నదే. ఒకతను రొయ్యల పచ్చడి సీసాలు పెట్టి, పచ్చడంటే తీసుకోరేమోనని "రెడీమేడ్ బట్టలు" అని రాశాడు. బట్టలే కదా అని మావాళ్ళు ఆ పెట్టెను చీరల పెట్టెల మీద పెట్టారు. సీసా మూత వదులైంది. పొద్దున తలుపు తీసేసరికి వెల్లుల్లి, ఆవపిండి వాసన. ఎర్రటి నూనె మూడు వరసలు దిగి వెంకటగిరి చీరల జరీ అంచుల దాకా పాకింది. నేత మనిషి ఆ చీర మడత విప్పి, మరక మీద వేలు పెట్టి, ఏమీ అనకుండా మళ్ళీ మడిచాడు. పచ్చడని రాసుంటే రెండు కవర్లు తొడిగి, కింద వరసలో నిలబెట్టేవాళ్ళం. నిషేధమేమీ లేదు దానికి.

ఆ జాబితా మా చేతికి వచ్చింది ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో, కారణాలు లేకుండా. కారణం తెలియని రూలును మనిషి దాటి పోవాలనే చూస్తాడు. అందుకే తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక అట్ట రాయించి బల్ల పక్కన కట్టాం. ప్రతి వస్తువు ఎదురుగా ఎందుకు వద్దో ఒక వాక్యం, ఎలాగైతే తీసుకుంటామో ఇంకో వాక్యం. కర్పూరం మొదటి వరసలో ఉంది.

కావలి ఆవిడ ఆ అట్ట చదివి, మిగిలిన పెట్టెల్లోంచి డబ్బాలు తానే తీసింది. ఆ ఖాళీలో ఒక పసుపు చీటీ పెట్టింది: "కర్పూరం మీ వీధి అంగట్లో తీసుకోండి. ఇది విమానంలో రాదు." ఆ పెట్టెలు చివరి శుక్రవారానికి అందాయి.