‘రిఫిఫీ’ దోపిడీ సీన్‌లో శబ్దం లేదా? అపోహలు - వాస్తవాలు

అపోహ: 1955 నాటి ఫ్రెంచి నోయర్ (నేరాల చుట్టూ తిరిగే చీకటి ఛాయల సినిమా) ‘రిఫిఫీ’లో నగల దుకాణం దోపిడీ దాదాపు అరగంట సౌండ్ లేకుండా నడుస్తుంది. మనమూ ట్రాక్ మ్యూట్ చేస్తే ఆ టెన్షన్ వచ్చేస్తుంది.

వాస్తవం: రాదు. దోపిడీ కథలతో వచ్చే షార్ట్ ఫిల్ములను నిలువునా ముంచుతున్న నమ్మకం ఇదే. ఆ సీన్‌లో లేనివి మాటలు, సంగీతం మాత్రమే. అణిచిపెట్టి కొట్టే సుత్తి దెబ్బలు, రాలే పెచ్చులు, పొరపాటున మోగిన పియానో మెట్టు, అన్నీ వినిపిస్తాయి. సంగీత దర్శకుడు జార్జ్ ఓరిక్ ఆ సీన్‌కి సంగీతం కట్టాడు కూడా. సంగీతంతో ఒకసారి, లేకుండా ఒకసారి చూశాక తీసేయడానికి తనే ఒప్పుకున్నాడు.

అసలు బలం అంతకుముందే ఉంది. దొంగలు ఆ దుకాణంలో ఉన్న రకం అలారమే తెచ్చి పరీక్షిస్తారు. కాస్త అదిరితే మోగుతుందని, మంటలార్పే నురగ కొడితే మూగబోతుందని మనకూ తెలిసిపోతుంది. అందుకే పై అంతస్తు నుంచి కన్నం వేసి, గొడుగు దించి విప్పి, పెచ్చులు అందులో పడేలా చేస్తుంటే ఊపిరి బిగబడతాం. ప్రేక్షకులు విసుక్కుంటారేమోనని బీజీఎం నింపేసేవాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఏ చప్పుడు కొంప ముంచుతుందో ముందే చెప్పి ఉంటే ఆ భయం అక్కర్లేదు.

మన దగ్గర ఎలాగూ డబ్బింగే కదా అని మాటల్లేని సీన్‌కి లొకేషన్ సౌండ్ తీసుకోరు. తీసుకోండి. ఫ్యాన్లు, ఫ్రిజ్ ఆపించి, మైకు కదపకుండా, గెయిన్ (రికార్డింగ్ స్థాయి) మార్చకుండా 60 సెకన్ల రూమ్ టోన్, అంటే ఖాళీ గదిలో సహజంగా ఉండే సన్నటి శబ్దం, చాలు. ఎడిట్‌లో దాన్ని సీన్ పొడవునా పరవండి. ముక్కలు కలిసేచోట క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతూ మరొకటి పెరిగేలా కలపడం) ఇవ్వకపోతే టక్కుమంటుంది. దాని స్థాయి మైనస్ 50 డీబీ (డెసిబెల్) దగ్గర మొదలుపెట్టి ఫోన్ స్పీకర్లోనూ హెడ్‌ఫోన్స్‌లోనూ విని సరిచేయండి. శబ్దాల మధ్య పూర్తి సున్నా వదిలితే స్పీకర్ పోయిందనుకుంటారు. చిన్న శబ్దాలను నొక్కేసే నాయిస్ గేట్ జోలికి వెళ్లొద్దు, దెబ్బ పడ్డాక గదిలో మిగిలే మోతను అది కోసేస్తుంది. సుత్తి, అడుగులు, బట్టల రాపిడి ఫోలీ చేసి (తర్వాత విడిగా చేసి రికార్డు చేసి) వేర్వేరు ట్రాకుల్లో పెట్టండి.

అపోహ: దర్శకుడు ఫ్రెంచివాడు. వాస్తవం: కాదు, జూల్స్ డాసిన్ అమెరికన్. హాలీవుడ్ బ్లాక్‌లిస్టులో పెడితే యూరప్ వెళ్లాడు. పెర్లో వీటా పేరుతో ఈ సినిమాలో దొంగల్లో ఒకడైన సీజర్ వేషం వేసిందీ ఆయనే.

అపోహ: దోపిడీ నోయర్లకు ఇదే మొదలు. వాస్తవం: ‘ది ఆస్ఫాల్ట్ జంగిల్’ 1950లోనే వచ్చింది.

అపోహ: నోయర్ అంటే అంతా చీకటే. వాస్తవం: ఇందులో పారిస్ వీధులు పట్టపగలే కనిపిస్తాయి. డాసిన్ ఎండ కాసే రోజులు వద్దని, మబ్బు పట్టిన రోజుల్లో తీశాడు.