మిరప కోత, ఎండ: అపోహలు - వాస్తవాలు

మా గుంటూరు జిల్లా పెదనందిపాడు వైపు మిరప చివరి కోతలు పడేది ఎండలు ముదిరాకే. నాలుగేళ్ల కిందట మా చేలో ఒడి కట్టుకుని కోస్తున్న ఒకామె పన్నెండున్నరకు సాలు మధ్యలోనే కూలబడింది. బతికింది. ఆ సాయంత్రం మేస్త్రితో, కోత ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడాక, నేను నిజమనుకున్నవి చాలావరకు నిజం కాదని తెలిసింది.

అపోహ: వాళ్లకి ఎండ అలవాటే.

వాస్తవం: ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. జ్వరమొచ్చో, పెళ్లికి వెళ్లో పది రోజులు మానేస్తే ఆ అలవాటు చాలావరకు పోతుంది. అందుకే పనిలో చేరిన మొదటి రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ. దూరం నుంచి వలస వచ్చి పరదా పట్టాల కింద పడుకునే కూలి ముఠాలకు రాత్రుళ్లు కూడా ఒళ్లు చల్లబడదు. 2015 మే వడగాలులకు మన ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా పోయారు. మా చేలో కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి రెండు రోజులు ఒంటిపూట పనే.

అపోహ: నీళ్ల టిన్ను పెట్టాం, తాగకపోతే మా తప్పా?

వాస్తవం: నేనూ ఇదే అన్నాను. పడిపోయినామె సమాధానం ఇప్పటికీ చెవిలో ఉంది: "తాగితే ఎక్కడికి పోవాలన్నా?" చుట్టూ నడుమెత్తు మిరప చెట్లు, పక్కన మగవాళ్లు, డొంక దారి మీద బళ్లు. పొద్దున్నుంచీ ఆమె గుక్కెడు నీళ్లు తాగలేదట. ఎండలో పనిచేసే మనిషి పావుగంటకో ఇరవై నిమిషాలకో గ్లాసుడు నీళ్లు తాగాలి. మరుగు లేనిచోట ఏ ఆడమనిషీ తాగదు. మూత్రం బిగబట్టుకుని ఇన్‌ఫెక్షన్లు తెచ్చుకున్నవాళ్లు ఆ ముఠాలోనే ఉన్నారు. నాలుగు వెదుళ్లు పాతి, కళ్లంలో కాయ మీద కప్పే పరదా పట్టా చుట్టూ కట్టాం. మర్నాటి నుంచి టిన్ను మధ్యాహ్నానికే ఖాళీ. కాయ తడవకుండా పట్టా కొన్న నాకు, మనుషుల కోసం ఒకటి కట్టాలని అన్నేళ్లూ తట్టనందుకు సిగ్గనిపించింది.

అపోహ: పెందలాడే రమ్మన్నా రారు, బద్ధకం.

వాస్తవం: ఆరింటికి చేలో ఉండాలంటే ఐదున్నరకే ఆటో ఎక్కాలి. అంతకుముందే ఇంటిల్లిపాదికీ వండి, క్యారేజీ కట్టుకోవాలి. అంటే మూడున్నరకు లేవాలి. "టిఫిను మీరు తెస్తే వస్తాం" అన్నారు. తెస్తున్నాను. ఆరు నుంచి పదకొండున్నర దాకా కోత, కూలి మాత్రం పూర్తి రోజుది. తెగే కాయ తగ్గింది, కానీ నేను భయపడినంత కాదు. ఎండెక్కాక చెయ్యి ఎలాగూ సాగదు. పక్క రైతులు మొదట నాతో గొడవపడ్డారు. ఇప్పుడు మా డొంక మీద ఏడుగురం ఒకే మాట మీదున్నాం. ఒక్కడే ఇలా ఇస్తే ఎక్కువ రోజులు నిలవదు.

కిలోల లెక్కన కోసే ముఠాలతో మాత్రం ఇంకా కుదరలేదు. నీడలో కూర్చున్న ప్రతి నిమిషం వాళ్లకు డబ్బు పోయినట్టే. విశ్రాంతికీ కొంత కూలి కట్టాలని నా వాదన, ఎంతన్నదే తేలలేదు.

అపోహ: పొద్దున్నే కోస్తే కాయకు తడి, బూజు పడుతుంది.

వాస్తవం: పుష్యమాసపు మంచులో అది నిజమే. ఫాల్గుణం దాటాక మంచు ఉండేదే తక్కువ. ఎలాగూ అప్పుడే కోసిన కాయలో నీరు చాలా ఉంటుంది, కళ్లంలో ఆరబెట్టక తప్పదు.

అపోహ: కొంగులో ఉల్లిపాయ ఉంటే వడదెబ్బ తగలదు.

వాస్తవం: తగులుతుంది.

అపోహ: చెమట పడుతోందంటే వడదెబ్బ కాదు.

వాస్తవం: కష్టం చేస్తూ పడిపోయినవాళ్లకు చెమట పడుతూనే ఉండొచ్చు. మాట తడబడినా, పిచ్చిగా మాట్లాడినా వడదెబ్బే అనుకోండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీడకు చేర్చి, మోటారు నీళ్లతో ఒళ్లంతా తడిపి, విసరండి. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా ఇంకొకరు తడుపుతూనే ఉండాలి. బండి వచ్చేదాకా ఆపకండి.