ఆఫ్‌సైడ్: జెండా పట్టుకున్నవాడు చెప్పే అపోహలు, వాస్తవాలు

"అన్నా, ముందు డిఫెండర్ ఉన్నాడు కదా, ఆఫ్‌సైడ్ ఎలా ఇచ్చావ్?" ఫుట్‌బాల్‌లో లైన్స్‌మన్‌గా జెండా పట్టుకుని లైన్‌ మీద నిలబడ్డ ప్రతి మ్యాచ్‌లోనూ నాకు వెనక నుంచి ఈ కేక వినిపిస్తుంది.

అపోహ: గోల్‌కీపర్ సంగతి ఎలా ఉన్నా, ముందు ఒక డిఫెండర్ ఉంటే చాలు, ఆఫ్‌సైడ్ కాదు.

వాస్తవం: రూల్లో కీపర్‌కి ప్రత్యేక లెక్క లేదు. సహచరుడు బంతి ఆడేటప్పుడు బంతి కంటే, చివరి నుంచి రెండో ప్రత్యర్థి కంటే కూడా గోల్ లైన్‌కి దగ్గరగా ఉంటే ఆఫ్‌సైడ్‌లో ఉన్నట్టు, అంతే. మామూలుగా చివరివాడు కీపరే కాబట్టి మనకి అలా అలవాటైపోయింది. 2010 ప్రపంచకప్ మొదటి మ్యాచ్‌లో మెక్సికో కార్నర్ కొట్టింది. సహచరుడు తలతో తగిలించిన బంతిని కార్లోస్ వేలా గోల్‌లోకి తోశాడు. గోల్ లైన్ దగ్గర దక్షిణాఫ్రికా ఆటగాడు ఒకడున్నాడు, కానీ కీపర్ ఖూనే అప్పటికే ముందుకొచ్చేశాడు. వేలా ముందున్నది ఒక్కడే. గోల్ రద్దు, నిర్ణయం సరైనదే. కార్నర్ నుంచి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ ఉండదు, త్రో ఇన్‌కీ గోల్ కిక్‌కీ కూడా అంతే. కానీ మధ్యలో సహచరుడి తల తగిలిందంటే లెక్క మళ్లీ మొదలు.

అపోహ: బంతి అందుకునేటప్పుడు ఎక్కడున్నాడో చూడాలి.

వాస్తవం: సహచరుడు బంతిని తాకిన క్షణమే లెక్క. మా కష్టమంతా ఇక్కడే. కళ్లు డిఫెండర్ల లైన్‌ మీద ఉంటాయి, పాస్ ఇచ్చేవాడేమో ముప్ఫై మీటర్ల అవతల. రెండూ ఒకేసారి చూడలేం. అందుకే తన్నిన చప్పుడు చెవితో పట్టుకుంటాం. గాలరీలోవాళ్లు తల తిప్పేసరికి ఫార్వర్డ్ రెండడుగులు దాటేసి ఉంటాడు, ఇక తిట్లు మొదలు.

డిఫెండర్‌తో సమానంగా ఉంటే ఆఫ్‌సైడ్ కాదు, 1990 నుంచీ ఇంతే. చేతులు లెక్కలోకి రావు, కీపర్ చేతులైనా సరే. సొంత సగంలో ఉన్నవాడికి అసలు ఆఫ్‌సైడే లేదు.

అపోహ: ఆఫ్‌సైడ్‌లో నిలబడితే తప్పు.

వాస్తవం: నిలబడితే తప్పేం లేదు. తప్పు కావాలంటే ఆ బంతి ఆడాలి, లేదా కీపర్‌కి అడ్డంగా నిలబడి చూపు ఆపడం లాంటిదేదో చేయాలి. అందుకే జెండా ఒక్కోసారి ఆలస్యంగా లేస్తుంది. ఆఫ్‌సైడ్‌లో ఉన్నవాడు బంతిని ముట్టుకుంటాడా, లేక వెనక నుంచి సరిగ్గా పరిగెత్తుకొచ్చినవాడికి వదిలేస్తాడా అని ఆగి చూస్తుంటాను. సరిగ్గా అప్పుడే "లైన్స్‌మన్ నిద్రపోతున్నాడ్రా!" అని అరుస్తారు.