పుస్తకంలో లేని ప్రశ్న

నవంబరు వచ్చిందంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల హైస్కూళ్ళలో ఎనిమిదో తరగతి పిల్లలు కొందరు గంట ముందే బడికొస్తారు. బోర్డు మీద పాఠం ఉండదు. అద్దంలో కనిపించే గడియారం బొమ్మ ఉంటుంది. అద్దంలో 4.20 అయితే అసలు టైమెంత? దాని పక్కన పాచికను అటూ ఇటూ తిప్పి గీసిన బొమ్మలు. రెండు చుక్కలకి ఎదురు ముఖం మీద ఎన్ని చుక్కలు? మొదటి వారం పిల్లలు తెల్లమొహాలు వేస్తారు. "ఇవేటి మేష్టారూ, లెక్కలా, బొమ్మలా?" అని అడిగే గుంటడు ప్రతి ఏడాదీ ఒకడుంటాడు. న్యాయమైన ప్రశ్నే. ఒకటో తరగతి నుంచి అప్పటిదాకా వాడు చదివిన ఏ పుస్తకంలోనూ అలాంటి పాఠం లేదు.

ఈ హడావుడంతా ఎన్‌ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్) పరీక్ష కోసం. కేంద్ర ప్రభుత్వం 2008లో మొదలుపెట్టిన స్కాలర్‌షిప్ అది. ఏడాదికి 6,000 రూపాయలతో మొదలై, 2017 నుంచి 12,000 అయింది. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా నాలుగేళ్ళు, మొత్తం 48,000. పలాస జీడిపిక్కల బట్టీలో పనిచేసే తల్లికి, చెన్నై భవనాల పనికి వలసపోయిన తండ్రికి అది చిన్న మొత్తం కాదు. ప్రభుత్వ, జిల్లా పరిషత్, మునిసిపల్, ఎయిడెడ్ బడుల పిల్లలే రాయాలి. నవోదయ, గురుకులాల వాళ్ళకి అవకాశం లేదు. మొత్తం 180 ప్రశ్నలు. సైన్సు 35, సోషల్ 35, లెక్కలు 20. ఇవి తొంభై. మిగతా తొంభై ఆ గడియారాలూ, పాచికలూ, అంకెల వరసలూ, అక్షరాల సంకేత భాషలూ. వీటికి మెంటల్ ఎబిలిటీ అని పేరు.

అంటే సగం పేపరు బడి బయటిది. ఈ రెండు జిల్లాల్లో పరీక్షల తయారీ కథ మొత్తం ఈ ఒక్క చోటే తిరుగుతుంది. పుస్తకంలో ఉన్నదానికీ ప్రశ్నపత్రం అడిగేదానికీ నడుమ ఎప్పుడూ ఒక గండి ఉంది. ఆ గండిని ఎవరు పూడ్చారు, ఎంత తీసుకుని పూడ్చారు అన్నదాన్ని బట్టే ఎవరి పిల్లలు గట్టెక్కారో తేలింది.

మొదటి గండి భాషది. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి విజయనగరం మహారాజావారి బడిలో చదివి మెట్రిక్ ప్యాసయ్యాడు. గురజాడ అప్పారావు అక్కడే సహాధ్యాయి. పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పరీక్షలో రాయాల్సిన తెలుగు ఇంకొకటి అన్న సంగతి ఆ ఇద్దరికీ తెలిసినంతగా మరొకరికి తెలియదు. 1912-13లో స్కూల్ ఫైనల్ వ్యాసాన్ని కావ్యభాషలోనైనా, వాడుక భాషలోనైనా రాయొచ్చని బోర్డు ఒప్పుకుంది. పండితులు గగ్గోలు పెట్టారు. వాడుక భాషను కాదనడం మీద 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతిని పెద్ద పత్రంగా రాసి ఇచ్చాడు. అయినా ఆ వెసులుబాటు నిలవలేదు. వ్యావహారిక ఉద్యమాన్ని సాహిత్య చరిత్రగానే చెప్పుకుంటాం గానీ, దాని నిప్పు రాజుకున్న చోట్లలో పరీక్ష హాలు ఒకటి. ఇంట్లో పండితుడున్న పిల్లాడికీ లేని పిల్లాడికీ మధ్య తేడా అది.

1962 జనవరిలో విజయనగరం పక్కన కోరుకొండలో సైనిక్ స్కూలు వచ్చింది. విజయనగరం రాజవంశానికి చెందిన పి.వి.జి. రాజు ఇచ్చిన ప్యాలెస్‌లో పెట్టారు. దేశం నలుమూలల పిల్లలు ఒకే పేపరు రాసి చేరే బడి అలా మన గుమ్మంలోకి వచ్చింది. "కోరుకొండలో సీటొచ్చింది" అన్న మాటకి ఊళ్ళో ఉండే గౌరవం వేరు. దాంతోపాటే విజయనగరంలో కోరుకొండ కోచింగులు పుట్టాయి. ఇప్పటికీ ఆరో తరగతి ప్రవేశ పరీక్షను తెలుగులో రాయొచ్చు గానీ, తొమ్మిదో తరగతిది మాత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది. పదమూడేళ్ళ పిల్లాడికి భాష గండి మళ్ళీ ఎదురైనట్టే. తర్వాత నవోదయలు వచ్చాయి. శ్రీకాకుళానికి వెన్నెలవలసలో, విజయనగరానికి కిల్తంపాలెంలో. అక్కడా పరీక్షలో సగం బొమ్మలే. ఇలాంటి బొమ్మల ప్రశ్నలు నవోదయ గైడ్లతో ఐదో తరగతి పిల్లల చేతికీ చేరాయి.

ఎంసెట్ సంగతి అందరికీ తెలిసిందే, ఎక్కువ చెప్పను. ఇంజనీరింగ్, మెడిసిన్ సీట్ల కోసం 1986లో మొదలైంది. మూడు గంటల్లో 160 బిట్లు, అంటే ఒక్కోదానికి నిమిషం పైన కొన్ని సెకన్లు. ఇంటర్ పాఠం బాగా వచ్చినవాడు వేరు, ఆ వేగం వచ్చినవాడు వేరు. వేగాన్ని అమ్మే కాలేజీలు వచ్చాయి. ఇక్కడి పిల్లలు పెట్టె, బకెట్టు పట్టుకుని విశాఖ, విజయవాడ హాస్టళ్ళకి బస్సెక్కారు. అప్పులు చేసినవాళ్ళూ, ఉన్న అరెకరం అమ్మినవాళ్ళూ ఉన్నారు.

ఈ కథలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించే మలుపు 2008. ఆ ఏడాది రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, అంటే మనం ట్రిపుల్ ఐటీ అనేది, మూడు ప్రాంగణాలతో మొదలైంది. పదో తరగతి మార్కులే కొలత, వేరే ప్రవేశ పరీక్ష లేదు. గ్రేడింగ్ వచ్చాక సర్కారు బడి పిల్లలకి 0.4 పాయింట్లు అదనంగా కలిపారు. గండి ఒక్కసారిగా పూడిపోయింది. బడి పుస్తకం శ్రద్ధగా చదివితే చాలు, ఆరేళ్ళ తర్వాత బీటెక్ పట్టాతో బయటికి రావచ్చు. మేష్టార్ల నోట "ట్రిపుల్ ఐటీ బ్యాచ్" అన్న మాట అప్పుడే పుట్టింది. తెల్లవారి స్టడీ అవర్లు, రాత్రి బడిలోనే పడుకోబెట్టి చదివించడాలు. పది పాయింట్లకి పది తెచ్చుకునేవాళ్ళు పెరిగిపోయి, ముందు లెక్కల గ్రేడు, ఆ తర్వాత మిగతావి, చివరికి పుట్టినతేదీ కూడా చూసి సీటు ఇవ్వాల్సి వచ్చింది. 2016లో శ్రీకాకుళానికీ ఒక ట్రిపుల్ ఐటీ మంజూరై, తర్వాత ఎచ్చెర్ల మండలం ఎస్.ఎం.పురంలో స్థిరపడింది. నూజివీడు ప్రాంగణం దాకా పోనక్కర్లేదన్న ధైర్యంతో ఆడపిల్లల్ని పంపిన ఇళ్ళు చాలా ఉన్నాయి.

ఇందులోనూ వంకలు లేకపోలేదు. కొన్ని ప్రైవేటు బడులు ఇరవైకి ఇరవై ఇంటర్నల్ మార్కులు తమకి తామే వేసుకుంటున్నాయన్న ఫిర్యాదు గట్టిగానే ఉండేది. 2019లో ఆ ఇంటర్నల్ మార్కుల్నీ, దాంతోపాటు బిట్ పేపర్నీ రాష్ట్రం తీసేసింది. తర్వాత కరోనా. 2020లో పదో తరగతి పరీక్ష జరగనే లేదు, అందరూ పాసే. మార్కులు లేవు కాబట్టి ట్రిపుల్ ఐటీకి డిసెంబరులో ప్రవేశ పరీక్ష పెట్టారు, 2021లోనూ పెట్టారు. పన్నెండేళ్ళు పూడి ఉన్న గండి మళ్ళీ తెరుచుకుంది. ఇంట్లో ఫోను, ఆన్‌లైన్ క్లాసు ఉన్నవాడొకవైపు, వారానికో మారు మేష్టారిని చూసినవాడు ఇంకోవైపు. 2022లో పదో తరగతి పరీక్ష తిరిగొచ్చింది, ట్రిపుల్ ఐటీ మళ్ళీ మార్కుల దారికొచ్చింది. ఆ ఏడాది రాష్ట్రంలో ప్యాసైంది 67.26 శాతమే. 2019లో అది 94.88.

తమాషా ఏమిటంటే, పదో తరగతిలో బిట్లు పోయాయి గానీ ఆ తర్వాత ఎక్కే మెట్లన్నీ బిట్లే. పాలిటెక్నిక్ కోసం రాసే పాలిసెట్‌లో 120 బిట్లు. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో 160. ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ సరేసరి. పెన్ను పట్టి పేజీలు రాయడం నేర్పేది ఒక పరీక్ష, సున్నాలు దిద్దడం నేర్పేవి అరడజను.

ఎన్‌ఎంఎంఎస్ గండిని ఈసారి పూడుస్తున్నది కార్పొరేట్ కాలేజీలు కాదు, సర్కారు మేష్టార్లే. జీతం మీద పైసా అదనంగా రాని పని. ప్రశ్నలు పోగుచేసి వాట్సాప్‌లో పంచుకుంటారు. సున్నాలు దిద్దే ఓఎంఆర్ షీట్లు జిరాక్స్ తీయించి ఆదివారం గ్రాండ్ టెస్టులు పెడతారు. ఊరి నుంచి వెళ్ళి ఉద్యోగం చేస్తున్న పాత విద్యార్థి పుస్తకాలు కొని పంపుతాడు. ఆధార్‌లో పేరూ బడి రికార్డులో పేరూ కలవక దరఖాస్తు ఆగిపోతే, తల్లిని వెంటబెట్టుకుని మీసేవకి పోయేదీ మేష్టారే. ఫలితాల రోజున బడి గేటుకి ఫ్లెక్సీ కడతారు, ఎంపికైన పిల్లల ఫొటోలతో. ఆ సంబరాన్ని తప్పుపట్టలేం.

కాకపోతే పిల్లల ఆలోచనను కొలవాలని పెట్టిన ప్రశ్నలు కూడా చివరికి ఎక్కాల్లా కంఠస్థమైపోయాయి. అద్దంలో గడియారానికి ఇప్పుడెవరూ అద్దాన్ని ఊహించుకోరు. 11.60 లోంచి 4.20 తీసెయ్, 7.40. పదమూడేళ్ళ పిల్ల మూడు సెకన్లలో చెప్పేస్తుంది. ఎందుకు తీసెయ్యాలంటే మాత్రం మేష్టారి ముఖం చూస్తుంది. బడికీ బడికీ పోటీ పెరిగాక ఇంకొకటి జరిగింది. ఎనిమిదో తరగతిలో నలభై మంది ఉంటే, పాసవుతారనిపించే పదిహేను మందిని ఏరి బ్యాచ్ కడుతున్నారు. చలికాలం పొద్దున్న ఆ పదిహేను మంది బోర్డు దగ్గర పాచికలు తిప్పుతుంటారు. మిగతా పాతికమంది బెల్లు కొట్టే వేళకి నింపాదిగా వస్తారు. వాళ్ళ సంచుల్లో ఎనిమిదో తరగతి పుస్తకాలే ఉంటాయి.