లోపం మీ అబ్బాయి వేళ్లలో లేదు: గిటార్లు, డ్రమ్ములపై అపోహలు - వాస్తవాలు

ఈ నెలలో ఇది నాలుగో గిటారు. గజపతినగరం దగ్గర పల్లె నుంచి ఒక పెద్దాయన దుప్పట్లో చుట్టి తెచ్చారు. పక్కన ఎనిమిదో తరగతి చదివే కొడుకు. "దీన్ని ఎంతకో అంతకి అమ్మిపెట్టండి మాస్టారూ. ఈడికి సంగీతం రాసిపెట్టి లేదు. మూడు నెల్లు నేర్చుకున్నాడు, వేళ్లు నొప్పెడతన్నాయని ఒగ్గేసినాడు" అన్నారు. కుర్రాడు తల దించుకుని గోళ్లు చూసుకుంటున్నాడు.

గిటారు ఒళ్లో పెట్టుకుని పన్నెండో ఫ్రెట్ (మెడ మీది లోహపు మెట్టు) దగ్గర స్టీలు స్కేలు ఆనించాను. ఆరో తీగకీ, అంటే అన్నిటికన్నా లావుదానికీ, ఫ్రెట్‌కీ మధ్య మూడున్నర మిల్లీమీటర్లు! ఉండాల్సింది రెండు, మహా అయితే రెండున్నర. నట్ (మెడ చివర తీగలు ఆనే గాడుల పట్టీ) దగ్గర ఇంకా ఘోరం. ఎఫ్ కార్డ్ (కొన్ని తీగలు కలిపి నొక్కి మోగించే స్వరాల గుత్తి) పట్టబోతే ఇరవై ఏళ్లుగా వాయిస్తున్న నా చెయ్యే వణికింది. పద్నాలుగేళ్ల పిల్లాడు మూడు నెలలు దీంతో కుస్తీ పట్టాడంటే వాడికి సంగీతం రాసిపెట్టి లేదని ఎలా అనగలం?

అందుకే ఈ పోస్టు. విజయనగరం గంటస్తంభం దగ్గర చిన్న గదిలో గిటార్లు, డ్రమ్ములు బాగుచేస్తూ, సాయంత్రాలు పాఠాలు చెప్పుకుంటూ బతికేవాణ్ని. అపోహలు బోలెడు వింటాను. జనాన్ని ఎక్కువగా ముంచేది మాత్రం ఒక్కటే.

అపోహ: కొత్త గిటారు కాబట్టి అది సరిగ్గానే ఉంటుంది. వేళ్లు నొప్పెడితే ఓర్చుకోవాలి, కాయలు కాయాలి. అప్పటికీ రాకపోతే చేతిలో విద్య లేనట్టే.

వాస్తవం: కొట్లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా చాలా గిటార్లు సెటప్ (తీగల ఎత్తు సరిచేయడం) లేకుండానే ఇంటికొస్తాయి. ఏ కొట్టు, ఏ కంపెనీ అని అడక్కండి, చవక రకాల్లో అందరిదీ ఇదే తంతు. కారణం కూడా పెద్ద రహస్యమేమీ కాదు. యాక్షన్, అంటే ఫ్రెట్ మీద తీగ ఎత్తు, తక్కువగా ఉండి తీగ బరబరలాడితే కొన్నవాడు వెనక్కి తెస్తాడు. ఎక్కువగా ఉంటే తన వేళ్లనే తిట్టుకుంటాడు. వెనక్కి తేడు.

నొప్పి అసలే ఉండదని నేననను. మొదటి రెండు మూడు వారాలు వేలి కొనలు మండుతాయి, అది మామూలే. కానీ మణికట్టు లాగడం, బొటనవేలు పట్టేయడం, పది నిమిషాలకే చెయ్యి వణకడం మామూలు కాదు. మీ పిల్లలు అలా అంటుంటే బద్ధకం అనుకోకుండా ముందు గిటారు చూడండి.

దీంట్లో ఇంకో అన్యాయం ఉంది. తీగ ఎత్తుగా ఉంటే ఫ్రెట్ దాకా నొక్కేసరికి అది మరింత సాగి, స్వరం కాస్త పైకి పోతుంది. విడి తీగలన్నీ శ్రుతి చూపే ట్యూనర్‌లో పచ్చగానే వెలుగుతాయి, కార్డ్ పడితే మాత్రం ఏదో చెడినట్టు వినిపిస్తుంది. ఇంట్లో తంబురా పెట్టుకుని పాడుకునే తల్లో, బామ్మో ఉంటే వెంటనే "అపశ్రుతి" అంటారు. వాళ్ల చెవి తప్పు కాదు, నిజంగానే అపశ్రుతి. కానీ నింద పిల్లాడి మీద పడుతుంది. చేతిలో బలం లేదని ఒకటి, శ్రుతిజ్ఞానం లేదని ఇంకొకటి. రెండూ గిటారు చేసిన తప్పులే.

నాకిది పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. ఇంటర్‌లో ఉండగా సెకండ్ హ్యాండ్ గిటారు కొనుక్కుని ఏడాది పాటు వేళ్లకు ప్లాస్టర్లు చుట్టుకుని వాయించాను. నేర్పినాయన కూడా "రక్తం వస్తేనే రాగం వస్తుంది" అనే రకం. విసిగి వదిలేశాను. ఆ తర్వాత ఆమదాలవలసలో ఓ పెళ్లి ఆర్కెస్ట్రాకి స్నేహితుడితో సామాన్లు మొయ్యడానికి వెళ్లినప్పుడు, టిఫిన్ టైములో వాళ్ల గిటారు ఊరికే చేతిలోకి తీసుకున్నాను. ఎఫ్ కార్డ్ మోగింది. అదేదో పొరపాటున మోగిందనుకుని మళ్లీ పట్టాను, మళ్లీ మోగింది. ఆనందం కంటే కోపం ఎక్కువొచ్చింది. ఏడాది పోయింది కదా!

మన జిల్లావాళ్లకి నేను చెప్పే పోలిక ఒకటుంది. బొబ్బిలి వీణ తెలియనివాళ్లుండరు. గొల్లపల్లిలో పనస మానుతో చేస్తారు, 2011లో జిఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. ఆ వీణకి ఇరవై నాలుగు మెట్లూ మైనంలో కూర్చి ఉంటాయి. వాడకానికి, ఎండకి మైనం జరిగితే శ్రుతి తప్పుతుంది, అప్పుడు మేళం కట్టిస్తారు. వీణ ఇంట్లో ఉందంటే మేళం కట్టించాలని అందరికీ తెలుసు, డబ్బులిచ్చి మరీ చేయిస్తారు. మృదంగానికి మూతలు మార్పించడమూ అంతే. అదే గిటారుకి సెటప్ చేయాలి, ఇంత అవుతుందంటే మాత్రం "కొత్తదానికి రిపేరేటండీ?" అని నన్ను దొంగని చూసినట్టు చూస్తారు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. అంకెలు ఉబ్బెత్తుగా లేని ఏటీఎం కార్డులు తీసుకోండి. ఒక్కో కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, ఏ బ్యాంకుదైనా అంతే. గిటారు శ్రుతి చేసి, పన్నెండో ఫ్రెట్ మీద ఆరో తీగ కింద కార్డులు ఒకదానిమీద ఒకటి పేర్చి దూర్చండి. మూడు కార్డులకి తీగ తగులుతోందంటే బాగున్నట్టే. నాలుగు సులువుగా దూరుతుంటే చూపించుకోవాలి. తర్వాత నట్ సంగతి. తీగని రెండో ఫ్రెట్‌కీ మూడో ఫ్రెట్‌కీ మధ్య నొక్కి, మొదటి ఫ్రెట్ మీద సందు చూడండి. కాగితం మందం కనిపిస్తే చాలు. ఎక్కువుంటే నట్ గాడి ఎత్తుగా ఉందన్నమాట. మొదటి ఫ్రెట్‌కి క్యాపో (తీగలన్నీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) పెట్టగానే గిటారు ఒక్కసారిగా మెత్తబడినా అదే లెక్క.

పనిలో మాయేమీ లేదు. పన్నెండో ఫ్రెట్ సరిగ్గా తీగకి నడిమధ్య వస్తుంది కాబట్టి అక్కడ ఒక మిల్లీమీటరు దిగాలంటే శాడిల్ (పైపలక వైపు తీగలు ఆనే సన్నటి పట్టీ) రెండు మిల్లీమీటర్లు అరగాలి. శాడిల్ బయటికి తీసి, పెన్సిల్‌తో గీత గీసి, అద్దం పలక మీద గరుకు కాగితం పరిచి అడుగు వైపు నుంచి అరగదీస్తాం. పై వంపు ముట్టుకోం. గజపతినగరం గిటారుకి రెండు మిల్లీమీటర్ల పైచిలుకు తీశాను. నట్ గాడులు సన్నాకురాయితో దింపాను, పాత తీగలు పీకి 10-47 ఎక్స్‌ట్రా లైట్ వేశాను. గంటన్నర పట్టింది. తండ్రి ఈలోగా బజారు పని చూసుకొచ్చారు. కుర్రాడి చేతికిస్తే ముందు పట్టుకోనన్నాడు. బలవంతం చెయ్యలేదు, బల్ల మీద పెట్టి టీ తెప్పించుకున్నాను. కాసేపటికి వాడే తీసుకుని 'ఈ మైనర్' కార్డ్ పట్టాడు, తర్వాత సి, ఆ తర్వాత ఎఫ్. ఒక్కసారి తండ్రి వైపు చూశాడు. ఆయనకి గిటారు కార్డుల సంగతి తెలీదు, కొడుకు మొహం సంగతి తెలుస్తుంది కదా. "మరి అమ్మొద్దులెండి" అన్నారు.

ఒక హెచ్చరిక. యాక్షన్ దించడానికి ట్రస్ రాడ్ తిప్పకండి. ట్రస్ రాడ్ అంటే మెడ లోపలి లోహపు కడ్డీ, అది ఉన్నది మెడ వంపు సరిచేయడానికి. వీడియోలు చూసి అలెన్ కీ పట్టుకుని బిగించి, మర గుల్ల చేసుకుని వచ్చినవాళ్లు నాకు తెలుసు. శాడిల్‌కయ్యేది చిన్న ఖర్చు, ట్రస్ రాడ్ పాడైతే ఆ గిటారు మీద ఆశ వదులుకోవడమే. ఇంకో మాట, కొన్ని గిటార్లకి సెటప్‌తో కూడా పని జరగదు. మెడ కోణమే తప్పితే, శాడిల్‌లో అరగదీయడానికి ఎత్తు మిగలకపోతే, ఆ సంగతి మొహం మీదే చెప్పేస్తాను. డబ్బులు తీసుకోను.

మన తడిగాలి కూడా ఓ చెయ్యేస్తుంది. గిటారు చెక్కకి 45 నుంచి 55 శాతం తేమ హాయి. మనకి వానలు మొదలయ్యాక పైడితల్లమ్మ సిరిమానోత్సవం దాటేదాకా గాల్లో ఎప్పుడూ అంతకన్నా ఎక్కువే. పైపలక తేమ పీల్చి బొడ్డులా ఉబ్బుతుంది, బ్రిడ్జి (పైపలక మీద తీగలు కట్టే చెక్క) లేస్తుంది, దాంతోపాటు తీగలూ లేస్తాయి. ఏప్రిల్‌లో బాగున్న గిటారు సెప్టెంబరులో గట్టిపడిందంటే దిష్టి తగిలి కాదు. వంటింటి గోడకి తగిలించకుండా సంచిలో పెట్టి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పడేయండి. ఎండలో కారులో మాత్రం వదలకండి, జిగురు మెత్తబడుతుంది.

డబ్బు తగలేసే రెండో అపోహ, నైలాన్ తీగల క్లాసికల్ గిటారుకి స్టీలు తీగలు వేస్తే శబ్దం పెరుగుతుందని. పెరుగుతుంది, కొన్నాళ్లు. మామూలు లైట్ స్టీలు తీగలు ఆరూ కలిసి దాదాపు 70 కిలోల బలంతో లాగుతాయి. నైలాన్ తీగల లాగుడు అందులో సగానికి కాస్త ఎక్కువ. ఆ బరువుకి కట్టిన బ్రిడ్జి అంత లాగుడు ఎలా ఆపుతుంది? ఈ తెలివితక్కువ పని నేనూ చేశాను, అదీ అరువు తెచ్చిన గిటారుతో. రాత్రి రెండింటికి మంచం కింద ఠప్‌మని పేలినట్టయింది. పిల్లి ఏదో పడేసిందనుకున్నాను. పొద్దున చూస్తే బ్రిడ్జి పైపలక పెచ్చుని పట్టుకుని లేచొచ్చి తీగలకి వేలాడుతోంది. ఆ స్నేహితుడు ఇప్పటికీ నాకు పెన్ను కూడా అరువివ్వడు.

ఇక డ్రమ్ములు. చర్చిల నుంచి, ఆర్కెస్ట్రాల నుంచి ఎక్కువగా వచ్చే మాట "సెట్టు పాతబడిపోనాది, కొత్తది తీసుకోవాలి" అని. పాతబడింది సెట్టు కాదండీ, హెడ్లు, అంటే డ్రమ్ము మూతికి బిగించే పొరలు. చినిగేదాకా వాయిస్తే గుంటలు పడి తపేలా శబ్దం వస్తుంది. పైహెడ్ మార్చండి, కిందిదాన్నీ ఓసారి పట్టించుకోండి. బోల్టులు వరసగా చుట్టూ బిగించకుండా కారు చక్రం నట్లలా ఎదురెదురుగా బిగించండి. నూటికి ఎనభై సెట్లు అక్కడికే బాగుపడతాయని నేను పందెం కాస్తాను.

నిజంగా డబ్బు పెట్టాల్సింది సింబల్స్ (పళ్లేల్లాంటి లోహపు తాళాలు) మీద. డ్రమ్ముని శ్రుతి చేసుకోవచ్చు, సింబల్ ఎలా మోగితే అలా మోగాల్సిందే. సెట్టుతో పాటు ఉచితంగా వచ్చేవి చాలావరకు ఇత్తడివి. మంచివి కంచువి, అంటే రాగిలో తగరం కలిసినవి. బి8 అంటే 8 శాతం తగరం, బి20 అంటే 20 శాతం. శ్రీకాకుళం జిల్లావాళ్లకి ఇది వేరే చెప్పాలా? బుడితి వెళ్లి ఇత్తడి చెంబునీ కంచు గంటనీ ఒకదాని తర్వాత ఒకటి వేలితో కొట్టి చూడండి. ఎంతసేపు మోగుతాయో మీ చెవే చెబుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ముందు అకూస్టిక్ నేర్చుకుంటేనే ఎలక్ట్రిక్ వస్తుందన్నది ఉత్తిమాట. ఎలక్ట్రిక్ తీగలు సన్నం, చిన్న చేతులకి ఇంకా సులువు. 38 అంగుళాలన్నది గిటారు పొడవు, నాణ్యత కాదు. వంద వాట్ల ఆంప్ (శబ్దం పెంచే పెట్టె) యాభై వాట్లదానికంటే రెట్టింపు మోగదు, చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి. పిన్ను పట్టింది కదా అని దొరికిన అడాప్టర్ గుచ్చకండి, ఒకదానికి మధ్యలో ప్లస్ ఉంటే ఇంకోదానికి మైనస్, కీబోర్డులు, పెడల్స్ కాలేది ఇలాగే. ఆక్టోప్యాడ్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ ప్యాడ్) వాయించేవాడు డ్రమ్మర్ కాదనే మాటకి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు, జాతరలో రాత్రి పదింటి నుంచి తెల్లారేదాకా వాయించి వచ్చి మాట్లాడమనండి.

"ద్వారం వారి ఊళ్లో ఈ గిటారేంటి" అనే పెద్దలకి మాత్రం ఒక్కమాట. ఇక్కడి సంగీత కళాశాల 1919లో మొదలైనప్పుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పింది వయొలిన్ మీద. అదీ ఓడెక్కి వచ్చిన వాద్యమే కదండీ.

ఇది రాస్తుండగానే రాజాం నుంచి ఫోన్. కూతురికి గిటారు కొని రెండు నెలలైందట, మానేస్తానంటోందట. తెచ్చేముందు ఏటీఎం కార్డులు పెట్టి చూడమన్నాను. కార్డులు తక్కువైతే పక్కింట్లో అడిగారట. కాసేపాగి ఆయనే మళ్లీ చేశారు. "ఐదూ దూరిపోనాయి మాస్టారూ, ఇంకా సందుంది."