పాత పికప్‌కు లారీ చక్రాలు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో 1970, 80ల నాటి షెవర్లే సి-30, ఫోర్డ్ ఎఫ్-350 వంటి ఒక టన్ను పికప్‌లను బాగుచేయించుకొని, వాటికి సెమీ ట్రక్కుల (ట్రెయిలర్లను లాగే పెద్ద లారీల) 22.5 అంగుళాల అల్యూమినియం చక్రాలు తొడిగించుకోవాలనే మోజు చాలామందికి ఉంది. టెక్సస్‌లో అలాంటి పాత బండ్లను పునరుద్ధరించే ఒక వర్క్‌షాపులో నేను లేతు, మిల్లింగు పనులు చూస్తాను. మా దగ్గరకు వచ్చేవారు ఇంజను గురించి, పెయింటు గురించి ఎంతో తెలిసినవారే అయినా, చక్రం మాట వచ్చేసరికి మాత్రం బోల్టు రంధ్రాలు కలిస్తే చక్రం కలిసినట్టేనన్న నమ్మకంతో ఉంటారు. కింద రాసిన అపోహల్లో చాలావరకు ఆ నమ్మకం నుంచే పుట్టాయి.

అపోహ: పాత రంధ్రాలు పూడ్చి, పికప్ కొలతకు కొత్త రంధ్రాలు వేయిస్తే సరిపోతుంది.

ఈ మాట విన్నప్పుడల్లా నేను కాగితం మీద రెండు వృత్తాలు గీసి చూపిస్తాను. ఆ కాలపు ఒక టన్ను పికప్‌లలో సాధారణంగా 8 బోల్టులు ఉంటాయి. మన వైపు మెకానిక్కులు పీసీడీ అని పిలిచే బోల్టు వృత్తం వ్యాసం 165.1 మిల్లీమీటర్లు, అంటే ఆరున్నర అంగుళాలు. ఇప్పటి అమెరికన్ సెమీ ట్రక్కు చక్రానికి 10 బోల్టులు, వాటి వృత్తం 285.75 మిల్లీమీటర్లు. అసలు చిక్కు ఈ రెండు అంకెల తేడాలో కాదు, లారీ చక్రం నడుమ హబ్బు (ఇరుసు చివర చక్రాన్ని బిగించే భాగం) కోసం వదిలిన ఖాళీలో ఉంది. ఆ ఖాళీ వ్యాసం దాదాపు 220 మిల్లీమీటర్లు. అంటే పికప్ బోల్టులు రావలసిన చోట లారీ చక్రానికి లోహమే లేదు. శూన్యంలో రంధ్రం వేయడం ఎంత నైపుణ్యం గల పనివాడికైనా సాధ్యం కాదు కదా.

కాబట్టి మిగిలే దారులు రెండే. ఒకటి, పికప్ హబ్బుకూ లారీ చక్రానికీ మధ్య అడాప్టరు బిగించడం. రెండు, మధ్య పళ్ళెం పికప్‌కు సరిపోయేలా ఫ్యాక్టరీలోనే తయారైన చక్రం కొనుక్కోవడం. అడాప్టరు అంటే దళసరి ఉక్కు లేదా అల్యూమినియం పళ్ళెం: లోపలి వృత్తంలోని 8 రంధ్రాలతో అది హబ్బుకు బిగుసుకుంటుంది, బయటి వృత్తంలో 10 కొత్త స్టడ్డులు (నట్లు ఎక్కించే మర కడ్డీలు) ఉంటాయి. దాని మధ్యలో లారీ చక్రం కూర్చునేందుకు 220 మిల్లీమీటర్ల గట్టు కూడా ఉండాలి, ఎందుకంటే ఈ రకం చక్రాన్ని కేంద్రంలో నిలిపేది నట్లు కాదు, ఆ గట్టే. గట్టు లేని అడాప్టరు చవకగా దొరుకుతుంది. దానిపై బిగించిన చక్రం మిల్లీమీటరు పక్కకు జరిగినా స్టీరింగు వణుకుతుంది, ఆ వణుకును బ్యాలన్సింగు తూకాలతో పోగొట్టాలని చూసేవారు నెలల తరబడి షాపుల చుట్టూ తిరుగుతారు.

పాత లారీ చక్రాలు సెకండ్ హ్యాండులో కొనేవారు మరొక సంగతి గమనించాలి. హబ్బు గట్టుపై కూర్చునే రకమూ, గుండ్రటి మొహం గల నట్లతో కేంద్రీకరించుకునే పాత రకమూ ఒకే 285.75 వృత్తంలో 10 బోల్టులతో వస్తాయి, దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. పాత రకంలో బండికి ఎడమ వైపు స్టడ్డులకు మర ఎడమ చేతి వాటంగా ఉంటుంది. ఒక రకం చక్రానికి మరో రకం నట్లు బిగిస్తే, బిగిసినట్టే కనిపించి, రంధ్రం అంచులను నలగగొట్టి, చివరకు వదులవుతాయి.

అపోహ: మధ్య భాగం కోసేసి, పికప్ చక్రం మధ్య భాగాన్ని వెల్డింగు చేస్తే మరింత గట్టిగా ఉంటుంది.

ఉక్కు చక్రం విషయంలో ఈ పనిని చక్రాలు తయారుచేసే కంపెనీలు చేస్తాయి. వాటి దగ్గర వంపును కొలిచే జిగ్గులు, అతుకును పరీక్షించే పద్ధతులు ఉంటాయి. షెడ్డులో చేసిన అతుకు బయటకు అందంగా కనిపించినా, పక్కనున్న లోహం ఏమైందో కంటికి తెలియదు. పోత పోయకుండా ఒత్తిడితో మలచిన అల్యూమినియం చక్రం విషయంలోనైతే నేను చర్చకు కూడా ఒప్పుకోను. ట్రక్కులకు అలాంటి చక్రాన్ని ఆల్కోవా కంపెనీ 1948లో తెచ్చింది. వీటికి వాడే 6061 మిశ్రమ లోహానికి బలం వచ్చేది టి6 అనే ఉష్ణ చికిత్స వల్ల. వెల్డింగు వేడి ఆ చికిత్స ఫలితాన్ని అతుకు చుట్టూ చెరిపేస్తుంది, అక్కడ బలం దాదాపు సగానికి పడిపోతుంది. భారీ వాహనాల చక్రాలను సర్వీసు చేసే కార్మికుల భద్రత కోసం అమెరికా ప్రభుత్వ ఓషా సంస్థ రూపొందించిన 1910.177 నిబంధన, ఒకే ముక్కగా ఉన్న చక్రానికి వేడి తగిలించరాదని సూటిగా చెబుతుంది. మేము తిప్పి పంపిన చక్రాల్లో ఒకదానికి రంధ్రాలు వెల్డింగుతో పూడ్చి, పైన మెరుగు పెట్టి ఉంది. రంగు చొచ్చుకుపోయే ద్రావణం పూసి చూస్తే, పూడ్చిన ప్రతి రంధ్రం చుట్టూ సన్నని ఎర్ర గీత తేలింది.

అపోహ: 22.5 అంటే 22 కంటే అర అంగుళం పెద్దది, అంతే.

కాదు. ఆ అర అంగుళం ఒక గుర్తు. ట్యూబులేని లారీ చక్రంలో టైరు అంచు కూర్చునే గట్టు 15 డిగ్రీల వాలుతో ఉంటుంది. కార్లు, సాధారణ పికప్‌ల చక్రాల్లో అది 5 డిగ్రీలు. 1970, 80ల నాటి పికప్‌లలో ఇదే 15 డిగ్రీల వాలు గల 16.5 అంగుళాల చక్రాలు కూడా ఉండేవి. వాటికి పొరపాటున 16 అంగుళాల టైరు ఎక్కించి గాలి కొడుతుండగా టైరు పేలి మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. పాత బండి కొన్నవారు పాత చక్రాలను పారేసే ముందైనా వాటి మీది అంకె చదవాలి.

అపోహ: లారీ టైరు కాబట్టి బండి మరింత బరువు మోస్తుంది, మరింత భద్రంగా ఆగుతుంది.

11ఆర్22.5 కొలత, జి బరువు శ్రేణి గల లారీ టైరు జంటగా కాక ఒంటరిగా ఉన్నప్పుడు, 105 పీఎస్ఐ గాలితో 6,175 పౌండ్లు, అంటే సుమారు 2,800 కిలోలు మోయగలదు. ఖాళీ పికప్‌లో ఒక్కో మూలపై పడేది అందులో మూడో వంతు కూడా ఉండదు. ఇరుసు, స్ప్రింగులు, బేరింగులు మోయగలిగేది మాత్రం పాత లెక్కే; టైరు మారినంత మాత్రాన అది పెరగదు. బరువు చాలని టైరు రోడ్డు మీద ఒదగకుండా గుంతల దగ్గర ఎగురుతుంది.

ఆగడం సంగతి ఇంకా కష్టం. ఆ పికప్‌కు వచ్చే 235/85ఆర్16 టైరు ఎత్తు సుమారు 31.7 అంగుళాలు, 11ఆర్22.5 ఎత్తు సుమారు 41.5. బ్రేకు అంతే బలంతో పట్టినా, చక్రం పెద్దదైన మేరకు రోడ్డు మీద పనిచేసే ఆపే బలం దాదాపు పావు వంతు తగ్గుతుంది. పైగా టైరూ ఉక్కు చక్రమూ కలిపి 80 కిలోలకు అటూ ఇటూ ఉండే ఆ బరువు తిరుగుతున్నప్పుడు దాన్ని ఆపడానికి వేరే శ్రమ కావాలి. స్పీడోమీటరు 60 మైళ్ళు చూపిస్తుంటే బండి 78 మైళ్ళ వేగంతో పోతుంటుంది. 4.10 ఇరుసు నిష్పత్తి (చక్రం ఒక్కసారి తిరగడానికి ఇరుసును తిప్పే షాఫ్టు తిరిగే చుట్ల లెక్క) ఆచరణలో 3.1కి దగ్గరవుతుంది కాబట్టి ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను నీరసపడుతుంది. లారీ టైర్లలో చాలావాటి వేగ పరిమితి గంటకు 75 మైళ్ళే. ఆస్టిన్ దగ్గరి 130వ నంబరు రాష్ట్ర రహదారిపై 85 వరకు వెళ్ళవచ్చు గనుక మా రాష్ట్రంలో ఈ విషయం ఉత్త లెక్క కాదు. అందుకే నేను ముందు 19.5 అంగుళాల చక్రాలు చూడమంటాను: ఎత్తు పెద్దగా మారదు, చూపూ లారీ చూపే.

అపోహ: అడాప్టరు ఎంత దళసరిగా ఉంటే అంత గట్టి.

లారీ చక్రంలో బిగించే మొహం రిమ్ము నడిమికి సుమారు ఆరున్నర అంగుళాల దూరంలో ఉంటుంది. అది ఒకే వైపు పక్కపక్కనే బిగించే జంట చక్రాల కోసం చేసిన ఏర్పాటు. వెనక ఒంటి చక్రాల పికప్‌కు దాన్ని సరిచేయాలంటే అంత దళసరి అడాప్టరు కావాలి. అంతకు మించి దళసరైతే చక్రం బయటకు జరిగి బేరింగు మీద పడే మెలి పెరుగుతుంది, ముందు చక్రాలైతే ప్రతి గుంతలోనూ స్టీరింగును లాగుతాయి. వెనక జంట చక్రాలున్న బండికే ఈ మార్పు నప్పుతుంది.

మన దేశంలో ఇది చేయించుకోవచ్చా అని బంధువులు అడుగుతుంటారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది.

అపోహ: నట్లు ఒకసారి గట్టిగా బిగిస్తే చాలు.

పికప్ స్టడ్డుకు సుమారు 140 పౌండు-అడుగుల బిగింపు సరిపోతుంది. అడాప్టరు బయటి 22 మిల్లీమీటర్ల లారీ స్టడ్డులకు 450 నుంచి 500 కావాలి. ఒకే గన్నుతో రెండింటినీ బిగించేవారు లోపలి స్టడ్డును సాగదీస్తారు, లేదా బయటి నట్టును వదులుగా వదిలేస్తారు. పునరుద్ధరించిన బండిలో మరో చిక్కు పెయింటు: చక్రం, అడాప్టరు, హబ్బు కలిసే మొహాలపై దళసరి పూత ఉంటే, నాలుగు రోజులు తిరిగాక అది నలిగి, బిగువు తగ్గిపోతుంది. ఆ మొహాలను శుభ్రం చేసి, 50 నుంచి 100 మైళ్ళు తిరిగాక మళ్ళీ బిగింపు చూడాలి. బయటి 10 నట్లు చూసి ఊరుకోవడం అందరూ చేసే పొరపాటు. లోపలి 8 నట్లు లారీ చక్రం వెనక దాగి ఉంటాయి, వాటిని చూడాలంటే చక్రం మళ్ళీ ఊడదీయక తప్పదు.